మాస్కుకి స్నానం

శ్రీదుర్గ పొద్దున్నే దీపం పెట్టి కోటప్పకొండ స్వామికి దణ్ణం పెట్టుకుంటుంది. మొగుడు బాగుండాలి, పిల్లలిద్దరూ బాగుండాలి, అత్త మోకాళ్ల నొప్పులు తగ్గాలి. ఇవన్నీ అయ్యాక కళ్లు తెరవకుండానే ఇంకో మాట కలుపుతుంది: "నర్సమ్మ సయీదాని చల్లగా చూడు సామీ." ఆ సయీదా దర్గాకి మొక్కుకునే పిల్ల. అయినా శివయ్యకి అట్లాంటి తేడాలేమీ ఉండవని శ్రీదుర్గ నమ్మకం. ఉన్నా సరే, తను అడగడం మాత్రం మానదు. ఎందుకు మానదో చెబుతాను, వినండి.

శ్రీదుర్గ మొగుడు మల్లికార్జున ఎడ్లపాడు దాటాక కొండ కింద ఉన్న ఒక క్రషర్‌లో పనిచేస్తాడు. టిప్పర్లు తెచ్చి పోసిన బండల్ని మిషన్ నమిలి కంకర చేస్తుంటుంది. ఆ తొట్టి దగ్గర నిలబడి, ఇరుక్కున్న రాళ్లను గడ్డపారతో నెట్టడం అతని పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లబడిపోయి, ముప్పై ఎనిమిదేళ్ల మనిషి కాస్తా డెబ్బై ఏళ్ల ముసలాడైపోతాడు. అతని తండ్రి పిచ్చియ్య కూడా ఆ కొండ మీదే రాళ్లకు బెజ్జాలు కొట్టేవాడు. ఆయన యాభై నిండకుండానే ఊపిరాడక పోయాడు.

పిచ్చియ్య పోయిన దగ్గర్నుంచీ ఆయన భార్య లింగమ్మ ఇంట్లో ఒక చట్టం పెట్టింది. కొండ దుమ్ము గడప దాటకూడదు. అంతే, ఇక మారు మాట లేదు. కొడుకు పనినుంచి రాగానే వాకిట్లోనే ఆపేస్తుంది. చొక్కా అక్కడే విప్పాలి, అక్కడే దులపాలి. దొడ్లో కాగునిండా నీళ్లుంటాయి, నెత్తిమీదుగా పోసుకోవాలి. చెప్పులు, క్యారేజీ, సెల్‌ఫోన్, అన్నీ తడిగుడ్డతో తుడిచాకే లోపలికి రావాలి. కలెక్టరైనా సరే, కొండమీంచి దిగి ఆ ఇంటికొస్తే ఆ ముసలామె వాకిట్లో నిలబెట్టి దులిపి మరీ కుర్చీ వేస్తుంది. ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వుకున్నారు. శ్రీదుర్గ మాత్రం కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఆ చట్టం వంటబట్టించుకుంది. ఇప్పుడు అత్తనే మించిపోయింది.

కార్తీకంలో పట్టుకున్న దగ్గు జనవరికీ మల్లికార్జునని వదల్లేదు. నరసరావుపేట తీసుకెళితే, డాక్టరు ఎక్స్‌రే తీయించి, దాన్ని లైటుకి పెట్టి చూపించాడు. రొమ్ము పైభాగాన ఆవాలు చల్లినట్టు సన్నటి మచ్చలు.

"రాతి దుమ్మయ్యా ఇది. లోపలికి పోయింది ఇక బయటికి రాదు. కొత్తది పోకుండా చూసుకో. ఎన్ నైంటీఫైవ్ మాస్కు లేకుండా క్రషర్ గేటు దాటొద్దు. మూడు నెలలకి మళ్లీ రా. ఈ మచ్చలు ఇంతే ఉంటే బతికిపోయినట్టు. పెరిగాయంటే..." అంటూ ఆగి, "మీ నాన్నకేమైందన్నావ్?" అని అడిగాడు డాక్టరు.

ఆ కొండ పని తప్ప వేరే పని తెలియని మనిషి మల్లికార్జున. మానేస్తే ఏం చెయ్యాలో అతనికి తెలియదు, మానకపోతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

క్రషర్ మేస్త్రి మంచివాడే. సోమవారం సోమవారం రెండు మాస్కులు ఇస్తానన్నాడు. ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు కూడా, సబ్బుపెట్టి ఉతకొద్దు, నీళ్లల్లో ముంచొద్దు, పాడైపోతాయని. మల్లికార్జున ఆ మాట పొల్లుపోకుండా తెచ్చి పెళ్లానికి అప్పజెప్పాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇంటి చట్టమేమో దుమ్ము గడప దాటకూడదంటుంది. మేస్త్రి మాటేమో తడపొద్దంటుంది. రోజంతా రాతి దుమ్ము పీల్చిన మాస్కుని తెచ్చి, పిల్లలు పడుకునే గదిలో మేకుకి తగిలించడమా! తలుచుకుంటేనే శ్రీదుర్గకి ఒళ్లు జలదరించింది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంది. మూడో రోజు చీపురు పెట్టి ఊడుస్తుంటే మంచం కింద ఐదు లీటర్ల క్యాను తగిలింది. కరోనా రోజుల్లో క్రషర్‌లో పంచిపెట్టిన శానిటైజర్ అది. మూత కూడా తియ్యలేదు. అరచేతిలో పోసుకుంటే చిటికెలో ఆరిపోయే సరుకు. నీళ్లు కాదు, సబ్బూ కాదు. కరోనానే చంపినదానికి దుమ్మొక లెక్కా?

ఆ సాయంత్రం నుంచి మాస్కుకి స్నానం మొదలైంది. మొగుడు దొడ్లో నీళ్లు పోసుకుంటుంటే ఈమె అరుగుమీద కూర్చునేది. ముందు తన చేతులకి శానిటైజర్ పట్టించి, ఆ తడిచేతుల్తోనే మాస్కు పట్టుకుని, లోపలా బయటా పోసి, చంటిబిడ్డకి లాలపోసినంత జాగ్రత్తగా తుడిచేది. ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఆస్పత్రి వాసన వస్తే ఆమెకి ధైర్యం. తెల్లారి మొగుడు బండెక్కేముందు తనే అతని తలకి మాస్కు తగిలించి, ముక్కుమీది తీగ నొక్కి పంపేది. లింగమ్మకి ఆ స్పిరిట్ వాసన పడదు, అందుకని ఆ వేళకి అటుకేసి వచ్చేదే కాదు.

"మా ఆవిడ మాస్కుని కూడా స్నానం చేయించి పంపుద్దిరా. మీ ఆడోళ్లున్నారు, ఎందుకూ!" అని మల్లికార్జున క్రషర్‌లో గొప్పలు చెప్పుకునేవాడు.

దగ్గు మాత్రం తగ్గలేదు. తగ్గకపోగా ఫిబ్రవరిలో ఇంకాస్త ముదిరింది. పొద్దున్నే ఉమ్మితే బూడిదరంగు, మాస్కు లేని రోజుల్లో ఎట్లా ఉండేదో అట్లాగే.

"నిజం చెప్పు మావా, ఆడ మాస్కు తీసేస్తన్నావు కదా?" అని ఒకరోజు నిలదీసింది.

"పిల్లల మీదొట్టే. టీ తాగాలన్నా గేటు బయటికొచ్చి తాగుతన్నా."

అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి ఆ దుమ్ము ఎట్లా పోతోంది లోపలికి? శ్రీదుర్గకి పాలుపోలేదు. చేసేది లేక, ఒకసారి తుడిచేచోట రెండుసార్లు తుడవడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి ఆఖర్లో నాదెండ్లలో చెల్లెలి సీమంతం వచ్చింది. శ్రీదుర్గ పిల్లల్ని తీసుకుని ఆదివారం వెళ్లి శుక్రవారం సాయంత్రం వచ్చింది. వచ్చేసరికి మల్లికార్జున నీళ్లు పోసుకుని అరుగుమీద కూర్చుని ఉన్నాడు. పిల్లల్ని ఒళ్లో వేసుకున్నాడు, సీమంతం అరిసె తిన్నాడు, మరదల్ని గురించి హాస్యమాడాడు. అంతసేపట్లో ఒక్క దగ్గు దగ్గలేదు.

"ఏంది మావా, దగ్గేదీ?"

"ఏమోనే, బుధవారం నుంచీ రాలా. నువ్వు ఊళ్లో లేకపోతే నా రొమ్ముకి చానా హాయిగా ఉన్నట్టుంది," అని నవ్వాడు.

పక్కింటి దేవమ్మ గోడ అవతలినుంచి అందుకుంది. "అట్టాగైతే ఇంకో నెల పుట్టింట్లోనే ఉండి రాకూడదంటే శ్రీదుర్గా! నీ మొగుడు పహిల్వాన్ అయిపోతాడు."

అందరూ నవ్వారు. శ్రీదుర్గ కూడా నవ్వింది. నవ్వుతూనే అతని మాస్కుకి మళ్లీ స్నానం చేయించింది.

వారం తిరక్కుండా దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు. తను లేనప్పుడు పోయి, తను రాగానే వచ్చిందంటే, ఆ దగ్గు తన దగ్గరే ఉందన్నమాట. ఎక్కడుంది? పోపులో మిరపకాయ ఘాటేమోనని పోపు మానేసింది. దోమల చుట్ట మానేసింది. సాంబ్రాణి మానేసింది. ఆఖరికి తన మొహానికి పౌడరు కూడా మానేసింది. లింగమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి కొడుక్కీ కోడలికీ కలిపి దిష్టి తీసింది. చప్పిడి కూరలు తినలేక మల్లికార్జున మొత్తుకున్నాడు గానీ దగ్గు తగ్గలేదు. నవ్వుతారేమో, శ్రీదుర్గ రెండు రాత్రులు దేవమ్మ ఇంట్లో పడుకుంది కూడా. పిల్లల పరీక్షలని ఏదో వంక చెప్పింది. నిజానికి, నా గాలే ఈ మనిషికి పడటంలేదేమో అని ఆమె భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునే మాటా కాదు.

మార్చి నడిమికి క్యాను అయిపోయింది. అడుగున మిగిలింది ఒంచి ఒంచి పోసినా మాస్కు సగమే తడిసింది. మర్నాడు శ్రీదుర్గ ఖాళీ సీసా పట్టుకుని ఊళ్లోని క్లినిక్‌కి వెళ్లింది.

అక్కడ నర్సమ్మ సయీదా ఒక్కతే కూర్చుని రిజిస్టర్ రాసుకుంటోంది. చిలకలూరిపేట నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. బీపీ చూసినా, సూది వేసినా, "అక్కా, పెద్దమ్మా" అంటూ కబుర్లు చెబుతూ చేస్తుంది.

"నర్సమ్మా, కొంచెం శానిటైజర్ ఉంటే పొయ్యవా?"

"కరోనా పోయింది కదక్కా, ఇప్పుడెందుకు?"

శ్రీదుర్గ గర్వంగానే చెప్పింది. దుమ్ము గడప దాటకూడదన్న అత్త చట్టం, తడపొద్దన్న మేస్త్రి మాట, తను కనిపెట్టిన ఉపాయం, రెండుసార్లు తుడవడం, అన్నీ చెప్పింది. సయీదా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి అక్కా?"

"జనవరి నుంచీ. ఒక్క పూట కూడా మానలా."

సయీదా రిజిస్టర్ మూసి పక్కకి జరిపింది. బ్యాగులోంచి ప్లాస్టిక్ దువ్వెన తీసింది, ఓ కాగితం చించి చిన్న చిన్న ముక్కలు చేసి బల్లమీద వేసింది. దువ్వెనతో తన జుట్టు పదిసార్లు గబగబా దువ్వుకుని ముక్కల దగ్గర పెట్టింది. ముక్కలు ఎగిరొచ్చి దువ్వెనకి అంటుకున్నాయి.

"చిన్నప్పుడు ఆడుకున్నాం కదక్కా ఇట్టా? దీంట్లో సన్నటి కరెంటు పుట్టుద్ది, అదే లాక్కుంటది. మాస్కు మధ్య పొరలో కూడా ఇట్టాంటి కరెంటే పెట్టి కుడతారు. సన్నదుమ్ము బట్ట సందుల్లోంచి దూరిపోద్ది, దాన్ని పట్టుకునేది ఆ కరెంటే. ఇప్పుడు చూడు." తన బల్లమీది సీసాలోంచి దువ్వెనకి శానిటైజర్ రాసి, ఆరబెట్టి, మళ్లీ ముక్కల దగ్గర పెట్టింది. ఒక్క ముక్క కూడా కదల్లేదు.

"స్పిరిట్ తగిలితే ఆ కరెంటు చచ్చిపోద్దక్కా. పైకి మాస్కు కొత్తదాని మాదిరే ఉంటది. కానీ సన్నదుమ్ముని ఆపే బలం పోద్ది."

శ్రీదుర్గ ఆ కదలని కాగితం ముక్కలకేసే చూస్తుండిపోయింది. నాదెండ్ల వెళ్లిన వారం గుర్తొచ్చింది. ఆ సోమవారం మేస్త్రి ఇచ్చిన రెండు కొత్త మాస్కులకీ స్నానం చేయించేవాళ్లు లేరు. ఉన్నవి ఉన్నట్టే పెట్టుకున్నాడు. అందుకే దగ్గు పోయింది. తను వచ్చింది, తుడిచింది, దగ్గు వచ్చింది. పోపులో లేదు, సాంబ్రాణిలో లేదు, దిష్టి అసలే కాదు. తన రెండు చేతుల్లో ఉంది.

"నేనే మింగించానమ్మా," అంది కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని. "తొమ్మిది వారాలు. ఆ దుమ్ము నా చేత్తో నేనే మింగించా."

సయీదా లేచి వచ్చి పక్కన కూర్చుంది. "ఏడవబాక అక్కా. నువ్వు ఈ సీసా పట్టుకుని రాకపోతే ఇంకో తొమ్మిది నెలలు జరిగేది. వచ్చావు కదా! ఇక విను. మాస్కుకి స్నానం వద్దు. కాగితం కవర్లో పెట్టి వాకిట్లోనే చూరుకి తగిలించు, మీ అత్త చట్టమూ నిలబడుద్ది. శానిటైజర్ చేతులకే. రాసుకున్నాక బాగా ఆరనిచ్చి, అప్పుడు ముట్టుకో మాస్కుని. తడిచేత్తో వద్దు." అంతటితో ఆగలేదు ఆ పిల్ల. మర్నాడు డ్యూటీ అయ్యాక బస్సు వదులుకుని క్రషర్ గేటు దగ్గరికి వెళ్లి, షిఫ్టు దిగేవాళ్లందరికీ ఆ దువ్వెన ఆట ఆడి చూపించింది. మల్లికార్జున గొప్పలు విని మరో నలుగురి ఇళ్లల్లో కూడా మాస్కులకి స్నానాలు మొదలయ్యాయని అక్కడ బయటపడింది.

శ్రీదుర్గ క్లినిక్‌కి వెళ్లొచ్చిన సాయంత్రమే మొగుడికి చెప్పేసింది. దొడ్లో అతని వీపుమీద నీళ్లు పోస్తూ చెప్పింది, మొహం చూస్తూ చెప్పే ధైర్యంలేక. మల్లికార్జున చెంబు పట్టుకున్న ఆమె చెయ్యి ఆపి ఇటు తిరిగాడు.

"ఒసేయ్ పిచ్చిమొహమా. నా మూతికి కట్టేదాన్ని రోజూ కూర్చుని తుడిచే పెళ్లాం ఎవడికుందే ఈ ఊళ్లో? ఏదో తెలియక చేశావు. తెలిసింది, మానేశావు. ఇంకేంది?" అని, చెంబు తనే అందుకుని, "చప్పిడి కూరలు కూడా మానేస్తావా మరి?" అని అడిగాడు.

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకి. ఇట్లాంటి మనిషిని ఇచ్చినందుకు ఏ దేవుడికి మొక్కాలో తెలియలేదు. కానీ అత్తకి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మొగుణ్ని ఆ దుమ్ముకే పోగొట్టుకున్న మనిషికి, నీ కొడుక్కి అదే దుమ్ము నేను పట్టించానని ఎట్లా చెబుతుంది? మచ్చలు పెరగలేదని డాక్టరు అంటే అప్పుడు చెబుతుంది. పెరిగాయంటే... ఆ పైన ఆలోచన సాగలేదు.

దగ్గు పది రోజుల్లో సద్దుమణిగింది. అయినా శ్రీదుర్గకి నిద్ర పట్టేది కాదు. దగ్గు పోయినంత తేలిగ్గా మచ్చ పోదని డాక్టరు ముందే చెప్పాడు. ఏప్రిల్ రెండో వారంలో నరసరావుపేటకి ముగ్గురూ వెళ్లారు. వద్దన్నా లింగమ్మ కూడా బస్సెక్కింది.

డాక్టరు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. శ్రీదుర్గ మొగుడి చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదామెకి.

"పెరగలేదు," అన్నాడు డాక్టరు. "ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇవి తగ్గవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ పెరగలేదు. ఆ తొట్టి దగ్గర్నుంచి మాత్రం తప్పుకో."

"తప్పుకున్నా సార్. మేస్త్రి లారీలు తూచే కాటా గదిలో వేశాడు, ఈ ఒకటో తారీఖు నుంచి," అన్నాడు మల్లికార్జున.

బయట వరండాలోకి రాగానే శ్రీదుర్గ అత్త కాళ్ల దగ్గర కూలబడిపోయింది. పక్కనున్న రోగులు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. క్యాను దగ్గర్నుంచి దువ్వెన దాకా అంతా చెప్పేసింది. తిట్టు అత్తా, కొట్టు అత్తా అంది. లింగమ్మ బెంచీమీద కూర్చుని విన్నది. కొంగుతో కోడలి మొహం తుడిచింది.

"ఏమే, నువ్వొక్కదానివే చేశావనుకుంటన్నావా? మీ మావకి నేనేం పెట్టానో తెలుసా? బెల్లం. రాళ్లు కొట్టేవోళ్లు బెల్లం తింటే రొమ్ములో దుమ్మంతా కిందికి జారిపోద్దనేవోళ్లు. మాస్కు లేదు, గుడ్డ కూడా కట్టుకునేవోడు కాదు, బెల్లం ఉందిగా అని. రోజూ ఇంత ముక్క నా చేత్తో నోట్లో పెట్టేదాన్ని. మంచం పట్టినాక కూడా పెట్టా. మింగలేక కళ్లనీళ్లు పెట్టుకునేవోడు. తిను, తిను, తగ్గిపోద్ది అని నేనే పెట్టేదాన్ని." ముసలామె తన కళ్లు కూడా అదే కొంగుతో తుడుచుకుంది. "అది కాదే లింగమ్మా, అని నాకు చెప్పినోళ్లు ఒక్కళ్లు లేరు. నీకు చెప్పేది ఒకత్తి దొరికింది. లేయ్, ఇంటికి పోదాం."

కానీ బస్సు దిగాక ఆమె ఇంటికి పోలేదు. మోకాళ్లు నొప్పులంటూ రెండు వీధులు నడవడానికి మూడుసార్లు కూర్చునే మనిషి, ఆగకుండా నేరుగా క్లినిక్‌కి నడిచింది. వెనకే కొడుకూ కోడలూ. సయీదా అప్పుడే ఇంటికెళ్లడానికి బ్యాగు సర్దుకుంటోంది. ముగ్గురినీ ఒక్కసారే చూసి కంగారుపడింది.

"ఏమన్నాడు డాక్టరు?"

"పెరగలేదంట చెల్లీ," అంది శ్రీదుర్గ. నర్సమ్మ అనే నోటికి ఆ పూట చెల్లీ అనే వచ్చింది. సయీదా గుండెమీద చెయ్యి వేసుకుని, "అల్లా!" అంటూ కుర్చీలో కూర్చుండిపోయింది.

లింగమ్మ ఆమె ముందు నిలబడింది. ఆ పిల్ల రెండు చేతులూ తీసుకుని తన కళ్లకి అద్దుకుంది. సయీదా వద్దు పెద్దమ్మా, వద్దు అంటున్నా వదల్లేదు.

"నీకెన్నేళ్లు తల్లీ?"

"ఇరవై ఆరు పెద్దమ్మా."

లింగమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. పిచ్చియ్య పోయి పద్దెనిమిదేళ్లు.

"అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లవి," అంది. "పలక పట్టుకుని బడికి పోతా ఉండుంటావు." అని, ఏదో పెద్ద తప్పు చేసినవాళ్లని కోప్పడినట్టు సయీదా చేతులు రెండూ పట్టుకుని ఊపేస్తూ, ఏడుస్తూ, "కొంచెం ముందు పుట్టకూడదంటే తల్లీ!" అంది.